ఒంటరిగా దీవికి వెళ్ళాలంటే: అండమానా, శ్రీలంకా, బాలియా?

ఒంటరిగా వెళ్ళేవాళ్ళ లెక్క ఫ్లైట్ టికెట్టు దగ్గర తప్పదు. రూము దగ్గర, పడవ దగ్గర, టాక్సీ దగ్గర తప్పుతుంది. ఇద్దరు వెళ్తే చెరి సగం పడే రెండు వేల రూము, ఒక్కరే వెళ్తే మొత్తం మీ నెత్తినే. నలుగురు పంచుకునే స్పీడ్ బోటూ అంతే. అందుకే "ఏ దీవికి టికెట్టు తక్కువ?" అని వెతకడం మొదలుపెట్టొద్దు. చూడాల్సినవి వేరే ఉన్నాయి. రూము మొత్తం కాకుండా ఒక్క మంచం అద్దెకిచ్చే హాస్టళ్ళు ఉన్నాయా? అక్కడి జనం ఎక్కే బస్సో, రైలో, ప్రభుత్వ పడవో మనమూ ఎక్కొచ్చా? హోటల్ రెస్టారెంటు కాకుండా మామూలు భోజనం దొరుకుతుందా? ఇవి ఉన్న దీవి ఒంటరి మనిషికి చవక. ఇవి లేని చోటికి ఎంత ఆఫర్లో టికెట్టు దొరికినా చివరికి జేబుకు చిల్లే.

ఈ కొలతతో చూస్తే నా ఓటు శ్రీలంకకి. పాస్‌పోర్టు లేనివాళ్ళకీ, మొదటిసారి ఒంటరిగా వెళ్ళేవాళ్ళకీ అండమాన్. బాలి బాగుంటుంది, కానీ వారం కంటే ఎక్కువ సెలవు ఉంటేనే. ఎందుకో చెబుతాను. అనంతపురం, కర్నూలు, కడప నుంచి బయల్దేరేవాళ్ళను దృష్టిలో పెట్టుకున్న లెక్క ఇది. విశాఖ వాళ్ళకో, హైదరాబాద్ వాళ్ళకో కొంత మారుతుంది.

ముందు రెండు పేర్లు కొట్టేద్దాం

లక్షద్వీప్ ఫొటోలు చూసి చాలామంది మనసు పారేసుకుంటారు. నీళ్ళు నిజంగానే అంత నీలంగా ఉంటాయి. కానీ అక్కడికి భారతీయులకు కూడా పర్మిట్ కావాలి. విమానాశ్రయం ఉన్న అగత్తి దీవికి ఫ్లైటు ప్రధానంగా కొచ్చి నుంచే, ఓడలూ కొచ్చి నుంచే. వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది ప్యాకేజీల్లోనే వెళ్తారు. బ్యాగు తగిలించుకుని వెళ్ళి, ఇష్టమైనన్ని రోజులు ఉండి, పక్క దీవికి పోదాం అనుకునేవాళ్ళకు అది కుదిరే చోటు కాదు.

మాల్దీవులు ఇంకో రకం. వీసా టెన్షన్ లేదు, దిగాక ఉచితంగానే ఇస్తారు. రిసార్టులు వద్దనుకుంటే మాఫుషి, తులుస్‌ధూ, ధిగురా లాంటి స్థానికులు ఉండే దీవుల్లో గెస్ట్‌హౌసులు ఉన్నాయి. మాలే నుంచి మాఫుషికి ప్రభుత్వ ఫెర్రీ చాలా చవక కూడా. అయితే గెస్ట్‌హౌసు అంటే గదే, మంచం లెక్కన ఇచ్చేవి అరుదు. దానిపైన రోజుకు ఆరు డాలర్ల గ్రీన్ ట్యాక్స్. డాల్ఫిన్లు, సముద్రం మధ్య ఇసుక దిబ్బ, షార్కులు, ఏది చూడాలన్నా పడవ కట్టించుకోవాలి. దీవి చుట్టూ అరగంటలో నడిచేస్తారు. రెండో రోజు సాయంత్రానికి మాట్లాడే మనిషి కోసం వెతుక్కుంటారు. మాల్దీవులు ఇద్దరి ఊరు. పెళ్ళయ్యాక చూసుకోవచ్చు.

సెలవు ఏ నెలలో?

దీవి ఎంచుకునే ముందు క్యాలెండర్ చూడాలి. మనకు వాన అంటే పండగ. దీవి మీద వాన అంటే పడవలు ఆగిపోవడం, సముద్రం బురద రంగులోకి మారడం, కట్టిన డబ్బులు వెనక్కి రాకపోవడం.

సంక్రాంతి నుంచి మార్చి దాకా సెలవు దొరికితే అండమాన్, శ్రీలంక దక్షిణ తీరం, థాయిలాండ్‌లో ఫుకెట్ వైపు, మూడూ మంచి వాతావరణంలో ఉంటాయి. ఆ నెలల్లో బాలిలో మాత్రం వానలు. ఏప్రిల్ దాటాక అంతా తిరగబడుతుంది. మే మధ్య నుంచి అండమాన్‌లో రుతుపవనం దిగుతుంది. అప్పుడు బాలిలో పొడి వాతావరణం, అక్టోబరు దాకా బాగుంటుంది. కాలేజీ వాళ్ళకు వేసవిలోనే వీలవుతుంది కాబట్టి అండమాన్ అయితే ఏప్రిల్లోనే ముగించుకోవాలి, లేదా బాలి చూసుకోవాలి.

శ్రీలంకకు ఇక్కడే ఒక సౌకర్యం ఉంది. ఆ దీవికి రెండు రుతుపవనాలు, రెండు వైపులా రెండు కాలాలు. డిసెంబరు నుంచి మార్చి దాకా గాలె, మిరిస్స ఉన్న దక్షిణ, పశ్చిమ తీరం. మే నుంచి సెప్టెంబరు దాకా ట్రింకోమలి, అరుగం బే ఉన్న తూర్పు తీరం. ఒకవైపు మూసుకుంటే ఇంకోవైపు తెరుచుకుంటుంది. కష్టమంతా అక్టోబరు, నవంబరు నెలల్లోనే. దసరాకు, దీపావళికి వెళ్దామనుకునేవాళ్ళు బంగాళాఖాతం తుపాన్ల సంగతి మర్చిపోకండి. అక్టోబరు మొదట్లో అయితే బాలి ఒక్కటే నేను ధైర్యంగా చెప్పగలను.

ఎక్కడ ఫ్లైటు ఎక్కాలి

సీమ వాళ్ళకు ఒక అదృష్టం ఉంది, మనం పెద్దగా పట్టించుకోం. బెంగళూరు విమానాశ్రయం ఊరికి మన వైపున, దేవనహళ్ళి దగ్గర ఉంది. అనంతపురం నుంచి బెంగళూరు బస్సు ఎక్కితే సిటీ ట్రాఫిక్‌లోకి వెళ్ళకుండానే హైవే మీద దిగిపోవచ్చు. కర్నూలు వాళ్ళకు శంషాబాద్ అలాగే, హైదరాబాద్‌లోకి పోకముందే వస్తుంది. కడప వాళ్ళకు చెన్నై మేలు. రైల్లో సెంట్రల్‌లో దిగితే మెట్రో నేరుగా ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్తుంది, ఆటోవాళ్ళతో బేరం లేదు. కొలంబోకూ, అండమాన్‌కూ చెన్నై దగ్గర దారి కాబట్టి టికెట్టు కూడా అక్కడి నుంచే తరచూ తక్కువ ఉంటుంది.

ఓర్వకల్లులో, కడపలో విమానాశ్రయాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, కానీ సర్వీసులు కొద్ది. విడిగా కొన్న రెండు టికెట్లలో మొదటి ఫ్లైటు ఆలస్యమైతే రెండో టికెట్టు పోతుంది, ఎవరూ పూచీ పడరు. బస్సో రైలో ఎక్కి నాలుగు గంటలు ముందే చేరుకోవడం నయం.

అండమాన్: అమ్మ ఒప్పుకునే దీవి

అండమాన్‌లో మొదటి సౌకర్యం భాష. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 13 శాతం దాకా తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళే, ఎక్కువగా ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు. పోర్ట్ బ్లెయిర్ బజార్లో తెలుగులో అడిగితే తెలుగులో జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. ఒంటరిగా వెళ్తున్నామని ఇంట్లో చెప్పడానికి ఇది బాగా పనికొచ్చే మాట. పాస్‌పోర్టు వద్దు, డబ్బు మార్చుకునే పని లేదు.

పేర్లతో తికమక పడొద్దు. 2018 చివర్లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీవిజయపురం అయింది. టికెట్ల సైట్లలో పాతా కొత్తా రెండూ కనిపిస్తాయి, రెండూ ఒకటే.

డబ్బు పోయేది దీవుల మధ్య పడవల్లో. పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కు ప్రైవేటు ఏసీ పడవలు గంటన్నరలో వెళ్తాయి, ఒక్కోసారికి వెయ్యికి పైనే. ప్రభుత్వ ఫెర్రీ నిదానం, కానీ అంతకంటే చవక. దాని బుకింగ్ కొద్ది రోజుల ముందే తెరుస్తారు, సీట్లలో స్థానికులకు ప్రాధాన్యం ఉంటుంది. కాబట్టి వెళ్ళేటప్పుడు ప్రైవేటు పడవ ముందే బుక్ చేసుకుని, వచ్చేటప్పుడు ప్రభుత్వ ఫెర్రీకి ప్రయత్నించండి. తిరుగు ఫ్లైటు ఉన్న రోజే హేవ్‌లాక్ నుంచి బయల్దేరే ప్లాన్ మాత్రం వద్దు. సముద్రం బాగోకపోతే పడవ రద్దు చేస్తారు, అప్పుడు మీ ఫ్లైటు కూడా పోయినట్టే. చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి.

హేవ్‌లాక్‌లో హాస్టళ్ళు ఉన్నాయి. రాధానగర్ బీచికి జెట్టీ దగ్గర నుంచి బస్సు వెళ్తుంది. స్కూటర్ అద్దెకు తీసుకోవచ్చు, లైసెన్సు ఒరిజినల్ వెంట ఉంచుకోండి. నీల్ చిన్నది, సైకిలు చాలు. పోర్ట్ బ్లెయిర్ నుంచి రాస్ దీవికి, నార్త్ బేకి పడవల్లో మనిషి లెక్కన టికెట్టు ఇస్తారు కాబట్టి ఒంటరిగా వెళ్ళినా నష్టం లేదు. బారాటాంగ్ సున్నపురాయి గుహలకు కూడా సీటు లెక్కన తీసుకెళ్ళే బస్సులు ఉంటాయి, తెల్లవారకముందే లేవాలి. దారి జారవా అనే ఆదివాసుల అడవి గుండా పోతుంది, అక్కడ వాళ్ళ ఫొటోలు తీస్తే కేసు అవుతుంది. గవ్వలు, పగడాలు బ్యాగులో పెట్టుకుని వచ్చేవాళ్ళను కూడా ఎయిర్‌పోర్టులో ఆపుతారు.

స్కూబా చేయాలని ఉంటే అండమాన్ మంచి చోటు. మొదటిసారి చేసేవాళ్ళకు ఈత రానవసరం లేదు, ఇన్‌స్ట్రక్టర్ పట్టుకునే తీసుకెళ్తాడు. ఇంకో సంగతి: ఈ దీవులు తూర్పున దూరంగా ఉన్నా మన టైమే నడుస్తుంది. అందుకే తెల్లారి ఐదుకే వెలుతురు, సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి. పొద్దున తొమ్మిదికి లేచే అలవాటున్నవాళ్ళు సగం రోజు పోగొట్టుకుంటారు.

చెన్నై, విశాఖ నుంచి ఓడ కూడా ఉంది. టికెట్టు చవకే, కానీ పోవడానికి మూడు రోజుల దాకా, రావడానికి అంతే. తేదీలు కూడా మన చేతిలో ఉండవు. ఉద్యోగం లేనప్పుడు, పరీక్షలు అయిపోయినప్పుడు అయితే సరే.

శ్రీలంక: ఒంటరి మనిషి కోసమే చేసినట్టుంది

చెన్నైలో ఎక్కితే గంటన్నర లోపే కొలంబో. మన రూపాయికి వాళ్ళ రూపాయలు మూడు పైనే వస్తాయి. చాలా దుకాణాల్లో యూపీఐ కూడా నడుస్తుంది, 2024 ఫిబ్రవరిలో మొదలైంది. అయినా చిన్న ఊళ్ళకు నోట్లు ఉంచుకోండి. వీసాకు ఈటీఏ అని ఆన్‌లైన్‌లో అప్లై చేస్తారు. ఫీజు ఉందా మాఫీనా అన్నది ఈ మధ్య మారుతూ వస్తోంది, టికెట్టు కొనే రోజు వాళ్ళ ప్రభుత్వ సైటులోనే చూసుకోండి. ఆ పేరుతో డబ్బు గుంజే నకిలీ సైట్లు చాలా ఉన్నాయి.

నేను శ్రీలంకను ముందు పెట్టింది బీచుల కోసం కాదు, రైళ్ళ కోసం. విమానాశ్రయం కటునాయకలో ఉంటుంది, అక్కడి నుంచి కొలంబోకు 187 నంబరు బస్సు. కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి గాలెకు రైలు దాదాపు సముద్రం పక్కనే పోతుంది, అలల తుంపర కిటికీ దాకా వచ్చే చోట్లున్నాయి. మూడో తరగతి టికెట్టు మన డబ్బులో నూటాయాభై దాటదు. టాక్సీ మాట్లాడుకునే అవసరమే రాదు. హిక్కడువ, ఉనవటున, వెలిగమ, మిరిస్స, అన్నీ గాలె దాటి కూడా పోయే ఆ లైనులో వరసగా తగులుతాయి. నచ్చిన చోట దిగి, రెండు రోజులుండి, మళ్ళీ రైలో బస్సో ఎక్కడమే. డచ్చి వాళ్ళు బలపరిచిన గాలె కోట లోపల సాయంత్రం నడవడానికి టికెట్టు లేదు.

సముద్రం చాలనిపిస్తే కండి నుంచి ఎల్లకు కొండ రైలు. తేయాకు తోటల మధ్య ఆరేడు గంటలు పడుతుంది. వానలకు కొండచరియలు పడితే ఆ లైను ఆగిపోతుంది, అందుకే ముందే విచారించాలి. అన్నట్టు, కండిని 1815లో బ్రిటిష్ వాళ్ళ చేతిలో ఓడిపోయేదాకా ఏలిన చివరి రాజులు నాయకర్లు, మదురై నాయకుల బంధువర్గం. ఆ ఊళ్ళో ఒక తెలుగువాడికి ఆసక్తి కలిగించే విషయం అది. గైడ్లు చాలాసార్లు చెప్పరు.

సిగిరియా కొండ టికెట్టు విదేశీయులకు బాగా ఎక్కువ. పాస్‌పోర్టు చూపించి సార్క్ (మనదీ ఉన్న దక్షిణాసియా కూటమి) దేశాల రేటు అడగండి, తగ్గుతుంది. అదీ వద్దనుకుంటే ఎదురుగా పిడురంగల ఎక్కండి. చాలా తక్కువ టికెట్టు, పైగా సిగిరియా మొత్తం కనబడేది అక్కడి నుంచే.

తిండి సంగతికొస్తే సీమ నాలుకకు శ్రీలంక నచ్చుతుంది. అన్నం, నాలుగు కూరలు, ఎర్ర కారం కలిపిన కొబ్బరి పచ్చడి. దాన్ని పొల్ సంబోల్ అంటారు. ఆప్పం, ఇడియాప్పం ప్రతి సందులో. శాకాహారులు మాత్రం అడిగి తినాలి. ఆ పచ్చడిలో, కొన్ని కూరల్లో ఎండు చేప పొడి వేస్తారు, చూస్తే తెలియదు. చెనిక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ ఒక చిన్న డబ్బాలో తీసుకెళ్ళడం ఎప్పుడూ దండగ కాదు.

నాగపట్నం నుంచి జాఫ్నా దగ్గరి కాంకేసంతురైకి 2023 అక్టోబరులో ప్రయాణికుల ఓడ మొదలైంది. మధ్యలో ఆగి మళ్ళీ నడిచింది. కడప నుంచి రైల్లో నాగపట్నం పోయి ఓడలో విదేశం చేరడం సరదాగానే ఉంటుంది. కానీ సముద్రాన్ని బట్టి సర్వీసు ఆపేస్తారు. తిరుగు ప్రయాణానికి ఫ్లైటు ఖర్చు చేతిలో ఉంచుకునేవాళ్ళే దాని మీద ఆశ పెట్టుకోవాలి.

బాలి, థాయిలాండ్

బాలిలో ఉండటం చవక, చేరడం చవక కాదు. బెంగళూరు నుంచి నేరుగా ఫ్లైటు ఉంది, కౌలాలంపూర్ మీదుగా పోయేవి ఇంకొంచెం తక్కువకు దొరుకుతాయి. దిగాక వీసాకు 5 లక్షల ఇండోనేషియా రుపియా. ఆ అంకె చూసి గుండె ఆగొద్దు, మన డబ్బులో మూడు వేలకు కాస్త అటూ ఇటూ. దానికి తోడు 2024 ఫిబ్రవరి నుంచి టూరిస్టుల పన్ను 1,50,000 రుపియా. అంటే కాలు పెట్టడానికే ఖర్చు. ఐదు రోజులకు వెళ్తే ఆ ఖర్చంతా ఐదు రోజుల మీదే పడుతుంది. పది రోజులు ఉంటే గిట్టుబాటు.

హాస్టళ్ళ విషయంలో బాలిని కొట్టేది ఈ జాబితాలో లేదు. ఆడవాళ్ళకు వేరే డార్మిటరీలు, అన్నీ శుభ్రంగా, ఎప్పుడూ ఎవరో ఒకరు ఒంటరిగా వచ్చినవాళ్ళు ఉంటారు. ఒక అమ్మాయి మొదటిసారి విదేశానికి ఒక్కతే వెళ్తుంటే, డబ్బు కాస్త ఎక్కువైనా బాలికే పొమ్మంటాను. శ్రీలంకలో కిక్కిరిసిన బస్సుల్లో చీకటి పడ్డాక ప్రయాణాలు పెట్టుకోకపోతే చాలు, అదీ ఫర్వాలేదు.

బాలిలో బస్సులు తక్కువ. బైకు ట్యాక్సీలకు గోజెక్, గ్రాబ్ యాప్‌లు. స్కూటర్ తీసుకునేవాళ్ళు ఇక్కడి ఆర్టీఏలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకునే వెళ్ళాలి. అది లేకుండా పడితే ట్రావెల్ ఇన్సూరెన్సు పైసా ఇవ్వదు. తులంబెన్ దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా ఓడ ఒడ్డుకు దగ్గర్లోనే మునిగి ఉంది. పడవ కట్టించుకోకుండా ఒడ్డు నుంచే ఈదుకుంటూ పోయి చూడొచ్చు. ఒంటరి బడ్జెట్‌కు ఇంతకంటే ఏం కావాలి! ఇంకొకటి గుర్తుంచుకోండి. బాలి వాళ్ళ శక సంవత్సరాది ‘న్యేపి’ సాధారణంగా మార్చిలో వస్తుంది, 2026లో మన ఉగాది రోజే పడింది. ఆ రోజు దీవి మొత్తం మౌనం, విమానాశ్రయం కూడా 24 గంటలు మూసేస్తారు.

థాయిలాండ్ గురించి రెండు మాటలు చాలు. హైదరాబాద్, బెంగళూరు నుంచి ఫుకెట్‌కు నేరుగా పోవచ్చు. ఫుకెట్‌లో టాక్సీలు ఒంటరివాళ్ళను పిండేస్తాయి, దిగిన మర్నాడే కో లంటా దీవికి పడవ ఎక్కండి. డైవింగ్ సర్టిఫికెట్ తీసుకోవాలన్న పట్టుదల ఉంటే కో తావ్ దీవి. అక్కడ మాత్రం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. వీసా నిబంధన బయల్దేరే ముందు చూసుకోండి, డిజిటల్ అరైవల్ కార్డు ఉచితంగానే నింపొచ్చు.

ఎంత అవుతుంది

హాస్టల్ మంచం, బస్సు, మామూలు తిండి లెక్కతో, టికెట్లు నెల పైనే ముందు కొంటే, నా అంచనా ఇది. అండమాన్ ఐదు రాత్రులకు 25 నుంచి 30 వేలు, స్కూబా అయితే ఇంకో నాలుగైదు వేలు. శ్రీలంక వారానికి 32 నుంచి 40 వేలు. బాలి పది రోజులకు 55 నుంచి 65 వేలు. రోజు లెక్కన భాగిస్తే మూడింటికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా ఒకేసారి చేతి నుంచి ఎంత పోతుందన్న దాంట్లోనే. పాస్‌పోర్టు లేకపోతే మామూలు ఫీజు 1,500 రూపాయలు, పోలీసు వెరిఫికేషన్‌కు రోజులు పడతాయి కాబట్టి ముందు అది అప్లై చేసి తర్వాతే టికెట్లు.

ఈత గురించి సీమ వాళ్ళకు ఒక మాట చెప్పాలి. మనం బావుల్లో, కాలవల్లో ఈత నేర్చుకున్నవాళ్ళం. నీళ్ళు నిలబడి ఉన్న చోట వచ్చిన ధీమా అది. సముద్రంలో పైకి ప్రశాంతంగా కనబడే చోటే లోపలికి లాగే ప్రవాహం ఉండొచ్చు. శ్రీలంక దక్షిణ తీరంలో మే తర్వాత, బాలిలో కుట బీచి వైపు ఎప్పుడైనా. లాగితే ఒడ్డుకు ఎదురీదకండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడండి. ఎర్ర జెండా ఉంటే దిగొద్దు. ఒంటరిగా ఉన్నప్పుడు లైఫ్‌గార్డు కనబడే చోటే దిగాలి, మీ చెప్పులు ఒడ్డున ఉన్నాయని గమనించే మనిషి వెంట లేడు కదా.

సెలవు మూడు రోజులే, చేతిలో ఐదారు వేలే అంటే పైవన్నీ పక్కన పెట్టి రామేశ్వరం పోండి. అదీ దీవే, పాంబన్ దీవి. తిరుపతి నుంచి రైలుంది. 2025 ఏప్రిల్లో తెరిచిన కొత్త పాంబన్ వంతెన మీద సముద్రం దాటుతారు. 1964 తుపానుకు కొట్టుకుపోయిన ధనుష్కోడికి ఊళ్ళో నుంచి బస్సులు ఉంటాయి. మధ్యాహ్నం రెండులోపే బయల్దేరండి, చీకటి పడేదాకా అక్కడ ఉండనివ్వరు.